షోగన్‌కు 18 ఎమ్మీలు: గెలుపు ఎక్కడ మొదలైంది, ఓట్లు ఎక్కడ చీలాయి

2024 సెప్టెంబర్ 15 సాయంత్రం లాస్ ఏంజెలిస్‌లోని పీకాక్ థియేటర్‌లో అమెరికా టెలివిజన్ అవార్డులైన ప్రైమ్‌టైమ్ ఎమ్మీల 76వ సభ మొదలయ్యేసరికే, 1600 నాటి జపాన్ కథ చెప్పే 'షోగన్' సిరీస్ ఖాతాలో 14 అవార్డులున్నాయి. మనకు అప్పుడు సోమవారం తెల్లవారి 5:30. సభ ముగిసేలోపు ఇంకో నాలుగు చేరాయి: ఉత్తమ డ్రామా సిరీస్, ఉత్తమ నటుడిగా హిరోయుకి సనదా, ఉత్తమ నటిగా అన్నా సవాయ్, ఉత్తమ దర్శకుడిగా ఫ్రెడరిక్ టోయ్. మొత్తం 18. ఒక్క సీజన్‌కి ఇన్ని ఎమ్మీలు అంతకుముందు ఏ సిరీస్‌కీ రాలేదు. 2008లో 'జాన్ ఆడమ్స్' మినీసిరీస్ గెలుచుకున్న 13 అప్పటిదాకా రికార్డు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' అంతటి సిరీస్ కూడా ఒక ఏడాదిలో 12 దాటలేదు. పైగా మాటల్లో సుమారు 70 శాతం జపనీస్‌లోనే ఉన్న సిరీస్ ఇది. ఇంగ్లిష్ కాని భాషలో ప్రధానంగా నడిచే కథ ఉత్తమ డ్రామాగా గెలవడం ఎమ్మీల చరిత్రలో ఇదే మొదలు.

ఈ ఫలితం చూసి ఎంత సంతోషపడినా తక్కువే. అయితే అభిమానుల మాటల్లో వినిపిస్తున్నదంతా ఆ చివరి నాలుగింటి గురించే. వారం ముందే వచ్చిన 14 గురించి ఒక్క వాక్యం చెప్పి ముందుకు పోతున్నారు. నా ఉద్దేశంలో షోగన్ గెలిచింది ఆ 14 దగ్గరే. పెద్ద సభలో మనం చూసింది అప్పటికే ఖాయమైపోయిన గెలుపుని. అదే పెద్ద సభలో షోగన్‌కు రావలసినవి రెండు చేజారాయి. అవి ఎందుకు జారాయో తెలియాలంటే ఎమ్మీ ఓట్లు ఎవరు వేస్తారో, ఎలా లెక్కిస్తారో తెలియాలి.

ముందు ఆ 14 సంగతి. సెప్టెంబర్ 7, 8 తేదీల్లో క్రియేటివ్ ఆర్ట్స్ ఎమ్మీలు ఇచ్చారు. తెర వెనక పనులు, అతిథి పాత్రలు, పెద్ద సభలో పట్టని మిగతా విభాగాలన్నీ అక్కడే తేలిపోతాయి. అక్కడ షోగన్ గెలిచినవి ఇవి: ఛాయాగ్రహణం, ఎడిటింగ్, నటీనటుల ఎంపిక, ప్రొడక్షన్ డిజైన్, చారిత్రక దుస్తులు, చారిత్రక కేశాలంకరణ, మేకప్, ప్రోస్థెటిక్ మేకప్ (కృత్రిమ భాగాలు అతికించి చేసేది), టైటిల్ డిజైన్, సౌండ్ ఎడిటింగ్, సౌండ్ మిక్సింగ్, విజువల్ ఎఫెక్ట్స్, స్టంట్స్, ఇంకా పోర్చుగీసు ఓడను నడిపే రోడ్రిగ్స్‌గా వేసిన నెస్టర్ కార్బొనెల్‌కు ఉత్తమ అతిథి నటుడు. సంగీతం తప్ప చేతిపని ఉన్న శాఖ దాదాపు ఏదీ మిగల్లేదు.

టెలివిజన్ అకాడమీలో 20,000 మందికి పైగా ఓటర్లున్నారు. వాళ్లు 31 వృత్తి బృందాలుగా ఉంటారు. మేకప్‌కు మేకప్ వాళ్లు, ఎడిటింగ్‌కు ఎడిటర్లు, సౌండ్‌కు సౌండ్ వాళ్లు, నటనకు నటులు ఓటేస్తారు. ఉత్తమ డ్రామా, ఉత్తమ కామెడీ వంటి కార్యక్రమ విభాగాలకు మాత్రం బృందంతో పని లేకుండా అందరూ వేస్తారు. అంటే సెప్టెంబర్ 8 రాత్రికే పదికి పైగా వృత్తుల వాళ్లు వేరువేరుగా, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, తమ పనిలో ఈ ఏడాది షోగన్‌దే పైచేయి అని తేల్చేశారు. వాళ్లే మళ్లీ ఉత్తమ డ్రామాకూ ఓటేస్తారు. ఓటింగ్ మొత్తం ఆగస్టు 15 నుంచి 26 లోపు ఒకేసారి అయిపోయింది కాబట్టి మొదటి సభ ఫలితం చూసి రెండోదానికి ఎవరూ మనసు మార్చుకునే వీలు లేదు. రెండు సభల్లోనూ బయటపడింది ఒకే ఓటింగ్. అందుకే క్రియేటివ్ ఆర్ట్స్ జాబితాని జాగ్రత్తగా చదివినవాళ్లకి పెద్ద సభలో ఆశ్చర్యం పెద్దగా మిగలదు.

ఈ శాఖల్లో పని ఎంత కష్టమో ఒకటి రెండు చెప్పాలి. సమురాయ్‌ల తల చూడండి. నడినెత్తి గొరిగినట్టుండాలి, చుట్టూ ఉన్న జుట్టుని వెనక ముడేసి ముందుకు మడవాలి. నటులందరికీ నిజంగా గుండు గీయించలేరు కాబట్టి గొరిగిన భాగంతో సహా విగ్గు పెట్టాలి. తప్పు దొరికేది నుదుటి దగ్గర. విగ్గు అంచు, అసలు చర్మం కలిసే గీత దూరం నుంచి కనబడదు. ఇప్పటి కెమెరాలు ముఖానికి మూరెడు దూరంలోకి వస్తాయి, రంగులో రవ్వంత తేడా ఉన్నా పట్టిచ్చేస్తాయి. చెమట పట్టినప్పుడు, వానలో తడిసినప్పుడు అంచు లేస్తుంది. షోగన్‌లో వాన ఉంది, సముద్రం ఉంది, బురద ఉంది. పది ఎపిసోడ్లలో ఆ గీత మీద ఎక్కడా కన్ను ఆగదు. పౌరాణికాల్లో కిరీటం కింద విగ్గు అంచు కనిపిస్తే మనకు ఎంత చిరాకో గుర్తు తెచ్చుకుంటే, ఈ కేశాలంకరణ అవార్డు విలువ తెలుస్తుంది.

సౌండ్‌కు రెండు అవార్డులెందుకని చాలామంది అడుగుతుంటారు. ఏ శబ్దం ఉండాలో నిర్ణయించి, పోగుచేసి, లేనిదాన్ని సృష్టించి, దృశ్యానికి అతికించడం సౌండ్ ఎడిటింగ్. అలా పోగైనవాటిలో ఏది ఎంత వినబడాలో, ఏది ఎప్పుడు తగ్గాలో తూకం వేయడం మిక్సింగ్. ఐదో ఎపిసోడ్‌లో భూకంపం వచ్చి కొండచరియ విరిగి కథానాయకుడైన ప్రభువు తోరనాగ సైన్యం మీద పడే దృశ్యంలో రెండూ విడివిడిగా వినొచ్చు. నేల కింద నుంచి వచ్చే మూలుగు, రాయి రాయి రాసుకునే చప్పుడు, మనుషుల అరుపులు మట్టిలో కూరుకుపోవడం ఎడిటింగ్. ఆ హోరంతా ఒక్కసారిగా తగ్గి ఒక మనిషి ఊపిరి మిగలడం మిక్సింగ్. ఫోన్ స్పీకర్‌లో చూస్తే ఇది సగం కూడా తెలియదు. మామూలు ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నా తేడా తెలుస్తుంది.

కథ జపాన్‌దైనా షూటింగ్ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో జరిగింది. కథలో కనిపించే అజిరో పల్లె, ఒసాకా కోట లోపలి గదులు అక్కడ కట్టినవే. ఇలాంటప్పుడు సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే సెట్టు బాగానే ఉంటుంది, అందులో మసిలే మనుషులు ఈ కాలం వాళ్లలా కూర్చుంటారు, లేస్తారు. సనదా ఇందులో నటుడే కాదు, నిర్మాతల్లో ఒకడు కూడా. విగ్గులకు, దుస్తులకు, కత్తి పట్టే తీరుకు, మోకాళ్ల మీద కూర్చుని లేచే పద్ధతికి జపాన్ నుంచి ఆ పని తెలిసినవాళ్లనే పట్టుబట్టి రప్పించాడు. ఉత్తమ డ్రామా ప్రకటించాక వేదిక మీద ఆయన జపనీస్‌లో మాట్లాడింది కూడా వాళ్ల గురించే. తరతరాలుగా చారిత్రక నాటకాన్ని నిలబెట్టిన దర్శకులకు, గురువులకు, పనివాళ్లకు కృతజ్ఞతలు చెప్పాడు. ఆ రాత్రి మొత్తంలో గొంతు పట్టేసిన క్షణం అదే. ఉత్తమ నటుడి అవార్డు అందుకున్న తొలి జపనీస్ నటుడు తన పేరు పక్కన పెట్టి, విగ్గు కట్టినవాళ్లనీ తెర లాగినవాళ్లనీ తలచుకున్నాడు.

ఇక భాష. ఇదే నాకు అన్నిటికన్నా ముఖ్యం, దీనికే ఎమ్మీల్లో విభాగం లేదు.

షోగన్ సంభాషణలు నాలుగు చేతులు మారాయి. మొదట ఇంగ్లిష్‌లో రాశారు. దాన్ని జపనీస్‌లోకి అనువదించారు. ఆ అనువాదం ఈనాటి వాడుకలా ఉంటుంది కాబట్టి, ఒక జపనీస్ నాటక రచయిత్రి చేత 1600 నాటి పలుకుబడి వచ్చేలా తిరగరాయించారు. నటులు దాన్ని పలికాక, వాళ్లు పలికిన తీరుని బట్టి ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు మళ్లీ కొత్తగా రాశారు. మొదటి ఇంగ్లిష్ స్క్రిప్టుని తీసుకొచ్చి కింద అతికించి ఊరుకోలేదు. మనవాళ్లకు ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు. 'రా' అనడానికీ 'విచ్చేయుము' అనడానికీ మధ్య ఎంత దూరముందో పద్యనాటకం చూసి పెరిగిన చెవికి తెలుసు. తోరనాగ మాట్లాడుతుంటే జపనీస్ ముక్క రానివాళ్లకి కూడా అది సభలో పలికే భాష అనిపిస్తుంది. అతని కింది ప్రభువు యాబుషిగె నోట అదే భాష కొంచెం జారినట్టుంటుంది. ఆ జారడంలోనే అతని బుద్ధి తెలిసిపోతుంది.

షోగన్‌కు ఆధారమైన నవలనే 1980లో అమెరికా టీవీ సంస్థ ఎన్‌బీసీ మినీసిరీస్‌గా తీసింది. తోరనాగ పాత్రలో తొషిరో మిఫునే ఉన్నాడు. అది కూడా ఉత్తమ లిమిటెడ్ సిరీస్ (కొన్ని ఎపిసోడ్లతో కథ ముగిసిపోయేది) అవార్డుతో కలిపి మూడు ఎమ్మీలు గెలిచింది. అందులో జపనీస్ మాటలకు సబ్‌టైటిళ్లు వేయలేదు. ఇంగ్లిష్ నావికుడు బ్లాక్‌థార్న్‌కు ఏమి అర్థం కాదో చూసేవాళ్లకీ అర్థం కాకూడదని అలా చేశారు. కథ పూర్తిగా అతని కళ్లతో సాగింది. 2024లో ఆ ఒక్క నిర్ణయం తలకిందులైంది. సబ్‌టైటిళ్లు వచ్చేసరికి తెలియనివాడు బ్లాక్‌థార్న్ ఒక్కడే అయ్యాడు, మనం జపనీయుల పక్షాన కూర్చున్నాం. అతను ఒక మొరటు మాట అంటాడు. దుబాసి మరికో (అన్నా సవాయ్) దాన్ని మెత్తగా, మర్యాదగా మార్చి తోరనాగకు చెబుతుంది. అవతలి నుంచి వచ్చిన కత్తిలాంటి మాటని మళ్లీ సాదాగా చేసి ఇతనికి చెబుతుంది. రెండూ చదువుతున్న మనకి మాత్రమే మధ్యలో ఏమి మాయమైందో తెలుస్తుంది. అన్నా సవాయ్ నటన సగం ఆ ఖాళీలోనే ఉంది. డ్రామాలో ఉత్తమ నటి గెలిచిన తొలి ఆసియా మూలాల నటి ఆమె. ఆ అవార్డుకి తనకన్నా తగినవాళ్లు ఆ జాబితాలో లేరని నిస్సంకోచంగా అంటాను.

అందుకే ఈ సిరీస్‌ని అసలు శబ్దంతో, సబ్‌టైటిళ్లతో చూడండి. డబ్బింగ్ అంటే నాకు చిన్నచూపు లేదు, తెలుగులో డబ్బింగ్ కళాకారులు గొప్ప పని చేశారు. కాని దుబాసి మధ్యలో నిలబడి నడిపే కథలో రెండు భాషలూ ఒకే భాష అయిపోతే ఒకే మాట రెండుసార్లు విన్నట్టుంటుంది. మరికో అక్కడెందుకు ఉందో అర్థం కాదు. మొదటి రెండు ఎపిసోడ్లలో చదవడానికి కొంచెం తొందరపడాల్సి వస్తుంది, పేర్లు కలగాపులగం అవుతాయి. తోరనాగ, అతని ప్రత్యర్థి ఇషిదో, యాబుషిగె, మరికో, ఈ నాలుగూ గుర్తుంటే చాలు. మూడో ఎపిసోడ్ నుంచి కన్ను తనంతట అదే కుదురుకుంటుంది.

షోగన్ అసలు ఏ విభాగంలో పోటీ చేయాలన్నది కూడా చివరి క్షణం దాకా తేలలేదు. పది ఎపిసోడ్లలో నవల అయిపోయింది కాబట్టి దాన్ని లిమిటెడ్ సిరీస్ అనే అందరూ అనుకున్నారు. ఏప్రిల్ 23న చివరి ఎపిసోడ్ వచ్చింది. మే నెలలో ఎఫ్ఎక్స్ సంస్థ మరిన్ని సీజన్లకు రచన సాగుతోందని ప్రకటించింది. కథ కొనసాగుతుందంటే అది డ్రామా సిరీస్ అవుతుంది. ఆ ఒక్క ప్రకటనతో రెండు విభాగాల లెక్కలూ మారాయి. లిమిటెడ్‌లో ఉండిపోయి ఉంటే 'బేబీ రెయిన్‌డీర్', 'రిప్లీ', 'ఫార్గో'లతో తలపడాల్సి వచ్చేది. డ్రామాలో ఎదురైనవి 'ద క్రౌన్', 'ఫాలౌట్', 'ద గిల్డెడ్ ఏజ్', 'ద మార్నింగ్ షో', 'మిస్టర్ అండ్ మిసెస్ స్మిత్', 'స్లో హార్సెస్', 'త్రీ బాడీ ప్రాబ్లమ్'. అంతకుముందు అవార్డులన్నీ ఊడ్చుకెళ్లిన 'సక్సెషన్' ముగిసిపోయింది. 2023లో రచయితల సమ్మె 148 రోజులు, నటుల సమ్మె 118 రోజులు నడవడంతో చాలా పెద్ద సిరీస్‌లు ఆ ఏడాది గడువుకు అందలేదు. 'హౌస్ ఆఫ్ ద డ్రాగన్' రెండో సీజన్ జూన్‌లో వచ్చింది, గడువు మే 31తో అయిపోయింది. పోటీ పలచగా ఉన్న మాట నిజమే, దాన్ని దాచాల్సిన పని లేదు. అయినా 14 వృత్తి అవార్డులు పోటీ పలచనైనందుకు రావు. 2022లో 'స్క్విడ్ గేమ్' ఆరు ఎమ్మీలు గెలిచి, ఉత్తమ నటుడు, ఉత్తమ దర్శకుడు అవార్డులు రెండూ తీసుకుని కూడా ఉత్తమ డ్రామా దగ్గర సక్సెషన్ ముందు ఆగిపోయింది. ఆ తలుపు అప్పుడే సగం తెరుచుకుంది.

ఇప్పుడు జారిపోయిన రెండింటి సంగతి. మొదటిది రచన. తొమ్మిదో ఎపిసోడ్ 'క్రిమ్సన్ స్కై' దర్శకత్వానికి గెలిచింది, రచనకు ఓడింది. ఒకే ఎపిసోడ్, ఒకే రాత్రి. ఎందుకంటే దర్శకత్వంలో షోగన్ నుంచి అదొక్కటే నామినేట్ అయింది. రచనలో రెండున్నాయి: మొదటి ఎపిసోడ్ 'అంజిన్', తొమ్మిదోది 'క్రిమ్సన్ స్కై'. ఎమ్మీ తుది ఓటింగ్‌లో ఒక్కో ఓటరు విభాగానికి ఒక్కరినే ఎంచుకోవాలి. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లది గెలుపు, సగం దాటాలన్న నియమం లేదు. కొన్నేళ్ల కిందట వరస ర్యాంకులు ఇచ్చే పద్ధతి ఉండేది, అది పోయింది. ఉదాహరణకు వంద ఓట్లు అనుకుందాం. షోగన్ రచన నచ్చినవాళ్లు 42 మంది. అందులో 24 మంది క్రిమ్సన్ స్కైకి, 18 మంది అంజిన్‌కి వేశారు. స్లో హార్సెస్‌కి 26 పడ్డాయి. మిగతా మూడూ కలిపి 32 పంచుకున్నాయి. గెలిచింది స్లో హార్సెస్. ఈ అంకెలు అర్థం కావడానికి వేసుకున్నవే, అసలు లెక్క అకాడమీ ఎప్పుడూ బయటపెట్టదు. స్లో హార్సెస్‌కు రాసిన విల్ స్మిత్ నేర్పరి, ఆ ఎపిసోడ్ రచన బిగువుగా ఉంటుంది, గెలుపు అనర్హమని అనను. కాని క్రిమ్సన్ స్కైలో ప్రధానంగా జరిగేది ఒక స్త్రీ కోట గుమ్మం దాటి వెళ్లిపోతానని నిలబడటమే. ఆ చిన్న పని చుట్టూ గంటసేపు ఊపిరి బిగబట్టించిన రచన అది. దానికి ఎమ్మీ రాకపోవడం నాకు మింగుడు పడలేదు.

రెండోది సహాయ నటుడు. యాబుషిగెగా తదనొబు అసానో, ఇషిదోగా తకెహిరో హిరా ఇద్దరూ నామినేట్ అయ్యారు. గెలిచింది మార్నింగ్ షో నుంచి బిల్లీ క్రడప్. ఇక్కడ ఓట్లు చీలాయన్న వాదన కొంచెం జాగ్రత్తగా వాడాలి. మార్నింగ్ షో నుంచి కూడా ముగ్గురున్నారు: క్రడప్, జాన్ హామ్, మార్క్ డుప్లాస్. అయినా క్రడప్ గెలిచాడు. కామెడీ అతిథి నటుల్లో 'ద బేర్' నుంచి ముగ్గురుంటే జాన్ బెర్న్‌థల్ గెలిచాడు. అంటే ఒకే సిరీస్ నుంచి ఎక్కువమంది ఉన్నంత మాత్రాన ఓటమి రాసిపెట్టి ఉండదు. ఒకరు స్పష్టంగా ముందుంటే ఓట్లు ఆ ఒకరి దగ్గరికే చేరతాయి. ఇద్దరూ దాదాపు సమానమైతేనే చీలిక దెబ్బ తీస్తుంది. రచనలో జరిగింది అదే అయ్యుండాలి. నటనలో మాత్రం ఓటేసేవాళ్లలో ఎక్కువమంది అమెరికా నటులు, వాళ్లకు క్రడప్ తెలిసిన మనిషి. 2020లో అదే పాత్రకు ఒకసారి గెలిచాడు కూడా. అసానోకి నాలుగు నెలల తర్వాత, 2025 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. వేదిక మీద అతని సంబరం చూశాక మనసు కాస్త కుదుటపడింది.

కామెడీలో కథ పూర్తిగా తిరగబడింది. ద బేర్ 23 నామినేషన్లతో వచ్చింది. కామెడీల్లో అప్పటికి అది రికార్డు, అంతకుముందు '30 రాక్' పేరిట 22 ఉండేవి. 11 గెలిచి కామెడీ రికార్డుని కూడా తిరగరాసింది. జెరెమీ ఆలెన్ వైట్, ఎబన్ మాస్-బకరాక్, లీసా కోలన్-జయాస్ ముగ్గురూ గెలిచారు, దర్శకత్వం గెలిచింది. చివర్లో ఉత్తమ కామెడీ అవార్డు మాత్రం మూడంటే మూడే గెలిచిన 'హ్యాక్స్'కు వెళ్లింది. ఇది చాలామందికి ఊహించని దెబ్బ. నాకు మాత్రం సబబుగా అనిపించింది.

కారణాలు క్యాలెండర్‌లో ఉన్నాయి. అర్హత కాలం 2023 జూన్ 1 నుంచి 2024 మే 31 దాకా. పోటీలో ఉన్నది బేర్ రెండో సీజన్, అది 2023 జూన్‌లో వచ్చింది. ఓటింగ్ 2024 ఆగస్టులో. మధ్యలో, జూన్ చివర్లో మూడో సీజన్ వచ్చింది, అది మునుపటంత మెప్పించలేదు. చేతిలో ఓటు రెండో సీజన్‌ది, మనసులో తాజాగా ఉన్నది మూడోది. హ్యాక్స్ మూడో సీజన్ చివరి ఎపిసోడ్ 'బుల్లెట్‌ప్రూఫ్' మే 30న వచ్చింది, గడువుకు సరిగ్గా ఒక్క రోజు ముందు. రచన అవార్డు గెలిచింది కూడా ఆ ఎపిసోడే. పైగా అందరూ వేసే ఓటు వేరు, నటులు వేసే ఓటు వేరు. నటనని మెచ్చుకున్న నటులు బేర్‌కు వేశారు. 20,000 మంది కలిసి కామెడీ ఏదని అడిగితే నవ్వించినదానికి వేశారు. బేర్‌లో 'ఫిషెస్' ఎపిసోడ్ గంటకు పైగా సాగే క్రిస్మస్ భోజనం, చూస్తుంటే కడుపులో తిప్పుతుంది. అద్భుతమైన ఎపిసోడ్. దానికి వచ్చిన దర్శకత్వం అవార్డు నూటికి నూరుపాళ్లు న్యాయం. కాని దాన్ని కామెడీ అనడానికి నాకు నోరు రాదు. 2015లో అకాడమీ అరగంటవి కామెడీ, గంటవి డ్రామా అని ఒక గీత గీసింది. తర్వాత సడలించింది. ఇప్పుడు ఏ విభాగమో నిర్మాతలే చెబుతారు. అరగంట అలవాటు మాత్రం అలాగే మిగిలిపోయింది. జీన్ స్మార్ట్‌కు హ్యాక్స్‌లో ఇది మూడో ఎమ్మీ. రెండుసార్లు 'టెడ్ లాసో' ముందు ఓడిన హ్యాక్స్ చివరికి గెలిచింది.

లిమిటెడ్ విభాగం గురించి పెద్దగా చెప్పేది లేదు. బేబీ రెయిన్‌డీర్ మొత్తం ఆరు గెలిచింది. రిచర్డ్ గాడ్‌కు నటన, రచన రెండూ, జెసికా గన్నింగ్‌కు సహాయ నటి. ఇవన్నీ అనుకున్నవే. జోడీ ఫాస్టర్‌కు 'ట్రూ డిటెక్టివ్'లో నటనకు అవార్డు వచ్చింది. ఆ సిరీస్‌కు 19 నామినేషన్లుంటే పెద్ద సభలో దక్కింది ఆ ఒక్కటే. నామినేషన్ల సంఖ్య చూసి గెలుపుని లెక్కగట్టకూడదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

తెలుగు సిరీస్ ఎప్పుడైనా ఇక్కడ పోటీ చేయగలదా అని కొందరు అడుగుతున్నారు. ప్రైమ్‌టైమ్ ఎమ్మీ అమెరికా టెలివిజన్‌ది. వేరే భాషలో ఉన్నా పరవాలేదు, నిర్మాణంలో డబ్బుపరంగా, సృజనపరంగా అమెరికా భాగస్వామి మొదటి నుంచీ ఉండాలి. షోగన్ అమెరికా నిర్మాణమే కాబట్టి దానికి ఆ చిక్కు లేదు. మన దగ్గర తీసి, మన దగ్గరే మొదట విడుదలైనవాటికి వేరే దారి ఉంది, అది ఇంటర్నేషనల్ ఎమ్మీ. అది ఇచ్చే సంస్థ వేరు, నవంబర్‌లో న్యూయార్క్‌లో జరుగుతుంది. 2020లో 'ఢిల్లీ క్రైమ్' ఉత్తమ డ్రామాగా గెలిచింది అక్కడే, 2023లో వీర్ దాస్ కామెడీ అవార్డు అందుకున్నదీ అక్కడే. రెండింటినీ 'ఎమ్మీ' అని ఒకే గాటన కట్టేస్తుంటారు, అది సరికాదు. మన టీవీ నందుల్లో చిన్న కమిటీ అన్ని విభాగాలనూ చూసి తేల్చేది. ఎమ్మీల్లో మేకప్ బాగోగులు మేకప్ వాళ్లే తేలుస్తారు. ఆ ఒక్క పద్ధతి మన దగ్గరికి వస్తే మన సీరియళ్ల వెనక పనిచేసే వాళ్లకి ఎంత గౌరవం దక్కేదో.

చివరగా ఒక పేరు. షోగన్‌లో ఫుజిగా చేసిన మోయెకా హోషి. మొదటి ఎపిసోడ్‌లోనే భర్తనీ పసిబిడ్డనీ పోగొట్టుకుని, తనకు ఇష్టం లేని ఇంట్లో గృహిణిగా నిలబడే పాత్ర. సహాయ నటి విభాగంలో ఏడు స్థానాలుంటే నాలుగు మార్నింగ్ షోకు, రెండు క్రౌన్‌కు, ఒకటి గిల్డెడ్ ఏజ్‌కు వెళ్లాయి. గెలిచిన ఎలిజబెత్ డెబికీ డయానాగా గొప్పగా చేసింది, ఆమె మీద ఫిర్యాదు లేదు. కాని షోగన్‌కు వచ్చిన 25 నామినేషన్లలో ఫుజి పేరు లేదు. చివరి ఎపిసోడ్‌లో పడవ మీద కూర్చుని అస్థికలు నీళ్లలో కలిపే దృశ్యం ఉంది. ఆమె చేతులు వాటిని వదలడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. బ్లాక్‌థార్న్ పక్కనే ఉంటాడు, ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సరిగా రాదు. అక్కడ దుబాసి లేదు.